అయ్యగారికి ఢిల్లీ పిలుపు

న్యూఢిల్లీ,
ఫిబ్రవరి 4

ప్రియమైన రాహేలు అక్కకు,

మన ప్రభువు నామమున వందనములు.

నేను క్షేమంగా ఢిల్లీ చేరాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటని ఆశ్చర్యపోకు. మా అఖిల భారత సత్సంకల్ప దళంలో పెద్దవాళ్ళెవరూ ఫోన్లో మనసు విప్పి మాట్లాడరు. ఫోన్లు ఎవరో వింటారట. వాట్సాప్‌లో రాస్తే దాన్ని ఫొటో తీసి పత్రికలకు ఇచ్చేస్తారట. ఎవరిస్తారని అడిగితే, 'మనవాళ్ళే' అన్నారు. కాబట్టి ఇకమీదట మన మధ్య ఉత్తరాలే.

ఇన్నేళ్ళు తార్నాక కృపా సంఘానికి కాపరిగా ఉన్నాను. నిన్నటి నుంచి జాతీయ కార్యదర్శిని. మొత్తం ఎంతమంది కార్యదర్శులని అడగకు, ఆ లెక్క ఇక్కడ ఎవరికీ తెలియదు. మన లోక్‌సభ స్థానానికి రాబోయే ఉప ఎన్నికలో టికెట్ దాదాపు నాదేనని అందరూ అంటున్నారు. ఇది నేను కోరుకున్నది కాదక్కా, పిలుపు వచ్చింది.

బిషప్ గారు నాకు ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం వరకు సెలవిచ్చారు. ఆ ఉదయం ఆరాధనలో ప్రసంగానికి నేను పుల్పిట్ ఎక్కకపోతే, నా బదులు వచ్చిన క్రిస్టినా పాస్టరమ్మకు సంఘాన్ని శాశ్వతంగా అప్పగిస్తామన్నారు. రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వను. టికెట్ చేతికి వచ్చేవరకు రెండు తలుపులూ ఓరగా తీసి ఉంచమని ప్రార్థనలో నాకు తెలియజేయబడింది. అంతవరకు నా స్థలం ఎవరూ ఆక్రమించకుండా చూసే బాధ్యత నీది. నేను లేని లోటును సంఘం ఎలా భరిస్తోందో వివరంగా రాయి. అలాగే ఆరాధనలో తొడుక్కునే నా కొత్త తెల్ల అంగీ పంపించు.

నీ సహోదరుడు,
రెవ. జోయెల్
జాతీయ కార్యదర్శి, అ.భా.స.ద.

తా.క.: అధ్యక్షులవారికి నా అంగీ అంటే చాలా గౌరవం. నా పేరు వారికింకా పట్టుబడలేదుగానీ, ఎంత గుంపులో ఉన్నా 'ఆ తెల్లంగీ ఆయన్ని ఫొటోలోకి రమ్మనండి' అని కేకేస్తారు.

*

తార్నాక,
ఫిబ్రవరి 10

తమ్ముడు జోయెల్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. సుకన్యకు ఇవ్వబోతే తను చదవనంది. నన్నే చదివి, ఇల్లాలికి కావలసిన సంగతి ఏదైనా ఉంటే చెప్పమంది. రెండుసార్లు చదివాను. చెప్పవలసిందేమీ కనబడలేదు.

సంఘం ఎలా భరిస్తోందని అడిగావు. ఏం చెప్పమంటావురా, చాలా అవస్థగా ఉంది. ఆరాధన పదకొండున్నరకే ముగిసిపోతోంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక జనం ఇళ్ళకు వెళ్ళి వేడివేడి అన్నం తింటున్నారు. నీ ప్రసంగంలో ఎంతో నెమ్మదిగా కునుకు తీసే వెనక బెంచీలవాళ్ళు పాపం చివరిదాకా మెలకువగా కూర్చోవలసి వస్తోంది. మొన్న క్రిస్టినా తప్పిపోయిన గొర్రె గురించి చెప్పింది. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. యూనివర్సిటీ క్యాంపస్ హాస్టళ్ళలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు కూడా వస్తున్నారు. ఇంతమంది వస్తే కుర్చీలు ఎక్కణ్ణుంచి తేవాలో తెలియడంలేదు.

పక్క ఫ్లాట్ సోమయాజులు గారికి నీ సంగతి చెప్పాను. క్యాంపస్‌లో ముప్పైయేళ్ళు రాజనీతి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి కదా, ఏమంటారోనని. "మీ తమ్ముడికి రాజకీయాలు కొత్తేం కాదులెండి. మీ చర్చి పాస్టరేట్ కమిటీ ఎన్నికలు మా బాల్కనీలోంచి ఏటా చూస్తూనే ఉన్నాను" అన్నారు. నేను కాఫీ ఇవ్వలేదు.

అంగీ పంపడంలేదు. అది పుల్పిట్ ఎక్కడానికిచ్చింది, ఫొటోలోకి ఎక్కడానికి కాదని బిషప్ గారు చెప్పమన్నారు. బీరువాలో పెట్టి తాళం వేశాను. కావాలంటే వచ్చి తొడుక్కో.

నీ అక్క,
రాహేలు

తా.క.: పిలుపు వచ్చిందన్నావు. ఎవరు పిలిచారో రాయలేదు.

*

న్యూఢిల్లీ,
ఫిబ్రవరి 17

ప్రియమైన అక్కకు,

వందనములు. నీ ఉత్తరం చదువుతుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. నేను లేక ఏం చెయ్యాలో తోచక జనం ఇళ్ళకు వెళ్ళిపోతున్నారని రాశావే, ఆ మాట దగ్గర నా గుండె చెరువైంది. కళ్ళు తుడుచుకుంటున్నారన్నావు. తప్పిపోయిన గొర్రె అంటే ఎవరు గుర్తొచ్చి ఉంటారో నేను ఊహించుకోగలను. ఇంకా కుర్చీలు చాలనంతమంది వచ్చి నాకోసం ఎదురుచూస్తున్నారంటే, పిలిచింది ఎవరో నీకే అర్థమై ఉండాలి. ప్రజలు.

నీ ఉత్తరాన్ని హిందీలోకి చెప్పించి అధ్యక్షులవారికి వినిపించాను. ఆయన మూడుసార్లు 'అచ్ఛా' అన్నారు. మూడుసార్లు అనడం ఇక్కడ చాలా అరుదట.

అంగీ పంపనందుకు బాధపడకు. పార్టీ వాళ్ళే కరోల్‌బాగ్‌లో ఒకటి కుట్టించారు. దర్జీకి మన పద్ధతులు తెలియక, గూగుల్‌లో చూసి ఎర్ర గుండీలు, ఎర్ర నడికట్టు పెట్టేశాడు. దాంతో నన్ను అందరూ పోపుగారి తర్వాతివాణ్ణి అనుకుంటున్నారు. వాళ్ళను నొప్పించడం ఇష్టంలేక నేను సరిదిద్దలేదు.

ఇక్కడ నా పని సభ మొదట్లో సర్వమత ప్రార్థన. నేను, ఒక స్వామీజీ, ఒక మౌల్వీ సాబ్ ఒకే కారులో తిరుగుతున్నాం. మంచివాళ్ళు. దారిలో పల్లీలు పంచుకుని తింటాం.

అసలు సంగతి వినక్కా. మార్చి మొదటివారంలో మన క్యాంపస్ ఆడిటోరియంలో నేను కార్యకర్తల సభ పెడుతున్నాను. తార్నాక, మెట్టుగూడ, బౌద్ధనగర్ వాళ్ళంతా వస్తారు. మామూలు ఉపన్యాసాలు ఎవరు వింటారు? అందుకని మన పద్ధతిలో 'సాక్ష్యాల కూడిక' జరిపిద్దామనుకుంటున్నాను. ఒక్కొక్క కార్యకర్త లేచి, పార్టీలోకి రాకముందు తన జీవితం ఎలా ఉండేదో, వచ్చాక ఎలా మారిందో చెబుతాడు. ఇలాంటిది భారత రాజకీయాల్లో ఇంతవరకు జరగలేదని అధ్యక్షులవారు మెచ్చుకున్నారు. నీ అభిప్రాయం రాయి.

నీ సహోదరుడు,
రైట్ రెవ. జోయెల్
జాతీయ కార్యదర్శి, సర్వమత విభాగం సహ కన్వీనర్

తా.క.: మా ముగ్గురికీ టికెట్ దాదాపు ఖాయమని విడివిడిగా చెప్పారు. ముగ్గురికీ చెప్పింది ఒకే నియోజకవర్గమేమోనని మౌల్వీ సాబ్‌కు అనుమానం. అల్పవిశ్వాసం.

*

తార్నాక,
ఫిబ్రవరి 23

తమ్ముడికి దీవెనలు.

రైట్ రెవరెండ్ అంటే బిషప్ అని నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ గుండీలు మెదడు దాకా వెళ్ళినట్టున్నాయి.

సాక్ష్యాల కూడిక గురించి అభిప్రాయం అడిగావు. అద్భుతంరా. ఇంత గొప్ప ఆలోచన నీకు తప్ప ఇంకెవరికీ రాదు, వచ్చినా బయటికి చెప్పరు. మన దగ్గర సాక్ష్యం ఎలా చెబుతారో నీకు తెలియనిదా? మార్పు ఎంత గొప్పగా కనబడాలంటే ముందటి పాపం అంత ఘోరంగా ఉండాలి. ఒకడు పేకాడానంటే, తర్వాత లేచినవాడు పేకాట క్లబ్బే నడిపానంటాడు. మన శాంతికుమార్ కాలేజీలో ఒక్క సిగరెట్టు కాల్చి దగ్గొచ్చి పారేసినవాడు. సాక్ష్యానికి నిలబడితే సారా బట్టీ పెట్టిన మనిషి అయిపోతాడు. చర్చిలో ఇవన్నీ కల్పించుకోవాలి. మీ వాళ్ళకు ఆ శ్రమ కూడా ఉండదు.

కాబట్టి తప్పకుండా జరిపించు. ఇంత ఘనకార్యం నాలుగు గోడల మధ్య ఎందుకు? పత్రికలవాళ్ళను పిలువు. టీవీవాళ్ళకు ముందు వరసలో కుర్చీలు వేయించు. మైకు చేతికిచ్చి, 'ఉన్నదున్నట్టు చెప్పండి నాయనా, దాచవద్దు' అని ఒక మాట నువ్వే చెప్పు. ఒక్క పాపం కూడా వృథా పోకూడదు.

సోమయాజులు గారు కూడా నీ ఆలోచన విని చాలాసేపు మాట్లాడలేకపోయారు. తర్వాత నీళ్ళు అడిగారు.

జోయెల్, వేళాకోళం పక్కనపెట్టి ఒక్కమాట. మట్టల ఆదివారం ఎంతో దూరంలో లేదు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో స్టూలు మీద నిలబెట్టి నీకు మొదటి ప్రసంగం నేర్పింది నేను. నా కొంగు పట్టుకుని చెప్పావు. నిన్ను చూసి గర్వపడాలని ఉంది. టీవీలో చూసి కాదు.

అక్క,
రాహేలు

తా.క.: సుకన్య నిన్న మొదటిసారి నీ గురించి అడిగింది. నీ తలదిండు నేను తీసుకుపోవచ్చు, తనకు అక్కర్లేదంది.

*

న్యూఢిల్లీ,
మార్చి 1

ప్రియమైన అక్కకు,

వందనములు. నీ ప్రోత్సాహానికి నా దగ్గర మాటల్లేవు. 'ఇంత గొప్ప ఆలోచన నీకు తప్ప ఇంకెవరికీ రాదు' అని నువ్వు రాయడం నా జీవితంలో ఇదే మొదలు. పదో తరగతి పాసైనప్పుడు కూడా నువ్వు ఇంత అనలేదు.

పత్రికలవాళ్ళ సంగతి నాకసలు తట్టనేలేదు. నీ సలహా ప్రకారం అందరినీ పిలిచాను. టీవీవాళ్ళకు ముందు వరసలో కుర్చీలు వేయించమని శాంసన్‌కు చెప్పాను. మెట్టుగూడ కుర్రాడే, ఇప్పుడు మన పార్టీ నగర ఇన్‌చార్జి. వాడు కాస్త నసిగాడు. "సార్, మనోళ్ళు మైకు దొర్కితే ఆగరు సార్, జర సోచాయించుండ్రి" అన్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించేసరికి నోరు మూశాడు. సోమయాజులు గారంతటి వారికే నోట మాట రాలేదంటే ఇక వీడెంత.

ప్రధాన కార్యదర్శిగారు ఆ రోజు మధ్యాహ్నం ఢిల్లీ నుంచి వస్తున్నారు. సాక్ష్యాలు మొదలుపెట్టించి నేను శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళి వారిని తీసుకొస్తాను. నేను తిరిగి వచ్చేవరకు సభను పెద్దదిక్కుగా నువ్వు చూసుకోవాలి. ముందు వరసలో కూర్చో. ఎవరైనా మాట్లాడటానికి సిగ్గుపడితే ధైర్యం చెప్పు.

ఆ రోజు బాగా జరిగితే టికెట్ నాదే. మట్టల ఆదివారానికి ముందే రాజీనామా ఇచ్చేస్తాను. క్రిస్టినాను సంతోషంగా ఉండమను.

నీ సహోదరుడు,
రైట్ రెవ. డా. జోయెల్
జాతీయ కార్యదర్శి, సర్వమత విభాగం కన్వీనర్, అధికార ప్రతినిధి (దక్షిణాది, ఆదివారాలు మినహా)

తా.క.: డాక్టరేట్ గురించి ఆశ్చర్యపోకు. ఇక్కడ అందరికీ ఉంది. లేకపోతే అవమానంగా ఉంటుందని వాళ్ళే ఇచ్చారు.

*

తార్నాక,
మార్చి 9

తమ్ముడికి దీవెనలు.

నువ్వు విమానాశ్రయంలో ప్రధాన కార్యదర్శిగారిని కలుసుకుని, అక్కడే ఫోన్లో టీవీ చూసి, ఇద్దరూ అటునుంచి అటే ఢిల్లీ విమానం ఎక్కేశారని శాంసన్ చెప్పాడు. మంచి పని చేశారు. తార్నాక దాకా వచ్చి ఉంటే ఇద్దరి అంగీలూ దక్కేవి కావు. టీవీలో కొంచెమే చూపించారు కాబట్టి మిగతాది నేను చెబుతాను.

నువ్వు 'ఉన్నదున్నట్టు చెప్పండి, దాచవద్దు' అని కారెక్కావు. మొదటి ఇద్దరు బాగానే చెప్పారు. పార్టీలోకి రాకముందు దేశమంటే తెలియదు, ఇప్పుడు తెలిసిందన్నారు. జనానికి నచ్చలేదు. మన వెనక బెంచీలవాళ్ళలాగే ఒక కునుకు తీశారు. అప్పుడు బౌద్ధనగర్ దానయ్య లేచాడు. ఒళ్ళు మరిచిపోయి చెప్పాడురా. "నేను గా పార్టీల ఉన్నప్పుడు మహా పాపిని. ఒక్క ఎలక్షన్ల నాలుగు నాలుగు ఓట్లు గుద్దిన. గీ పార్టీలకొచ్చినంక మారిన. గిప్పుడు రెండే గుద్దుతున్న" అన్నాడు. హాలంతా చప్పట్లు. హాస్టల్ పిల్లలు ఈలలు. ఎవరో వెనకనుంచి 'హల్లెలూయ' అన్నారు.

అక్కడినుంచి పోటీ మొదలైంది. దానయ్యకు చప్పట్లు వస్తే మెట్టుగూడవాళ్ళు ఊరుకుంటారా? ఒకడు పోయిన ఎన్నికల్లో మందు ఎక్కడ దాచాడో చెప్పాడు, ఎవరి ఇంట్లోనో కూడా చెప్పాడు, ఆ ఇంటాయన పక్కనే కూర్చున్నాడు. ఇంకొకడు సభకు జనాన్ని ఎలా తోలుకొచ్చాడో చెప్పాడు. ఏ సభ అని విలేకరి అడిగితే, "గిదే" అన్నాడు. టీవీవాళ్ళ ముఖాలు చూడాలి, ముందు వరసలో కూర్చుని ఇంటిల్లిపాదీ పెళ్ళికొచ్చినంత ఆనందంగా ఉన్నారు. శాంసన్ మైకు లాక్కోబోతే, "నేనింకా మారింది చెప్పలే అన్నా, పాపం కాడ్నే ఉన్న" అని పెనుగులాట. ఇంతలో ఒక పెద్దమనిషి లేచి, పార్టీ అధ్యక్షులవారితో తన పాత పరిచయం గురించి సాక్ష్యం చెబుతానని మైకు అందుకున్నాడు. శాంసన్ నా వైపు చూశాడు. వాడు నా దగ్గర ఏడో తరగతి చదివాడు. లెక్కల పరీక్ష రోజు ఇలాగే చూసేవాడు.

నేను లేచాను. మైకు అవసరం రాలేదు, బడిలో నలభై మందిని ఆపిన గొంతు. "ప్రార్థనతో ముగించుకుందాం. అందరూ కళ్ళు మూసుకోండి. తెరిచినవాళ్ళు ఎవరో నాకు కనబడుతుంది" అన్నాను. మనవాళ్ళు ఠక్కున మూసుకున్నారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు. కెమెరా కుర్రాళ్ళు కూడా కెమెరాలు కిందపెట్టి తలలు వంచారు, ఒక్కడు మాత్రం స్టాండు మీది కెమెరా ఆపడం మరిచిపోయాడట. దేశం కోసం, రైతుల కోసం, క్యాంపస్‌లో ఉద్యోగాల నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే పిల్లల కోసం, ఇంటికి దారి మరిచిన కాపరుల కోసం చేశాను. ఆఖరున దీవెన చెప్పాను. దీవెన అయ్యాక ఇక సభలో ఎవరు నిలబడతారు? చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచారు. బయట బిర్యానీ ఉంది. పెద్దమనిషి మైకు పట్టుకుని ఖాళీ హాల్లో నిలబడిపోయాడు.

పత్రికలవాళ్ళను పిలవమన్నది నేనే, ఒప్పుకుంటాను. ఇకనుంచి నీకు వెటకారం రాసేటప్పుడు పక్కన ఎర్రసిరాతో 'ఇది వెటకారం' అని రాస్తాను. ఇది మాత్రం వెటకారం కాదు. వచ్చెయ్యి. నిన్ను ఎవరూ ఏమీ అనరు. అంటే నేనున్నాను.

అక్క,
రాహేలు

తా.క.: దానయ్యకు ఇంటిదగ్గర సన్మానం చేశారు.

*

న్యూఢిల్లీ,
మార్చి 14

అక్కకు,

వందనములు.

అంతా అయిపోయిందనుకున్నాను. నా గది మార్చారు. సర్వమత కారులో నా చోట ఇప్పుడు ఒక సర్దార్జీ కూర్చుంటున్నాడు. స్వామీజీ నన్ను చూసి కిటికీ అద్దం ఎక్కించుకున్నాడు. మౌల్వీ సాబ్ ఒక్కడే దిగి, పల్లీల పొట్లం చేతిలోపెట్టి వెళ్ళాడు. ఎర్ర గుండీల అంగీ దర్జీకి తిరిగిచ్చెయ్యమన్నారు. ఆయన తీసుకోలేదు.

అయితే అక్కా, నిన్న ఒక అద్భుతం జరిగింది. అధ్యక్షులవారు నన్ను పిలిపించారు. గదిలో పెద్ద టీవీ మీద మన సభ వీడియో నడుస్తోంది. దానయ్యది కాదు, నువ్వు లేచి నిలబడ్డ దగ్గర్నుంచి. అయిదారుసార్లు తిప్పి తిప్పి చూశారు. అంత గోలను ఒక్క మాటతో నిలిపి, హాలంతా కళ్ళు మూయించిన ఆ తల్లి ఎవరని అడిగారు. మా అక్కగారని చెప్పాను. "మీ అక్కగారా! ఇంట్లోనే ఇంత పెట్టుకుని ముందు చెప్పలేదేం?" అని నా భుజం తట్టారు. నీ పూర్తి పేరు, ఓటు ఎక్కడుందో, బడిలో ఎన్నేళ్ళు పనిచేశావో రాయించుకున్నారు. కుటుంబ నేపథ్యం విచారిస్తున్నారన్నమాట. మంచి కుటుంబంలోంచి వచ్చానని తెలిసింది కాబట్టి ఇక టికెట్ నాదేనని నాకు స్థిరమైన నమ్మకం కలిగింది.

గురువారం పేర్లు ప్రకటిస్తారు. రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. ప్రకటన వచ్చిన గంటలో బిషప్ గారికి పంపిస్తాను. మట్టల ఆదివారం పుల్పిట్ క్రిస్టినాదే. సుకన్యను ఢిల్లీకి సర్దుకోమను.

నీ సహోదరుడు,
జోయెల్

తా.క.: శాంసన్‌ను రెండురోజుల్లో మీ ఇంటికి పంపుతున్నారట. మన కుటుంబం గురించి ఏమడిగినా మంచిగా చెప్పు. నీ పద్ధతిలో చెప్పకు.

*

తార్నాక,
మార్చి 18

తమ్ముడు జోయెల్‌కు,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే గురువారానికి అందదు. అందుకని రేపు పొద్దున విమానంలో వస్తున్న శాంసన్ చేతికే ఇస్తున్నాను. నీ ముందు నిలబడి, నువ్వు చదవడం పూర్తయ్యేదాకా కదలవద్దని చెప్పాను. వాడు కదలడు.

శాంసన్ నిన్న వచ్చాడు. ఒక్కడే కాదు, దండ, శాలువా, ఒక ఫొటోగ్రాఫర్. తలుపు తియ్యగానే దండ వేసేశాడు. పక్క ఫ్లాట్లోకి రావలసినవాళ్ళు పొరపాటున వచ్చారనుకున్నాను. "టీచరమ్మా, టికెట్ మీకే. ఢిల్లీల ఫైనల్ అయింది. మీరు ఒక్కసారి ఊకోమంటే మొత్తం హాల్ ఊకున్నది. అసొంటి మనిషి పార్లమెంటుల ఉండాలని సార్ అన్నడు" అన్నాడు. నేను వాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, జ్వరమేమైనా ఉందేమోనని నుదురు చూశాను.

లేదని తేలాక, కుదరదని చెప్పాను. నాకు రాజకీయాలంటే ఎంత గౌరవమో నీకు రాసిన ఉత్తరాల నిండా ఉంది కదా. వాడు బతిమాలాడు, నేను వినలేదు. లేచి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర నిట్టూర్చి, "మీరు ఒప్పుకుంటే అయ్యగారి సంగతే కొంచెం ఖరాబ్ అయితుండె. మా పార్టీల ఒక ఇంటికి ఒకటే టికెట్. మీకిస్తే ఆయనకు గిప్పుడే కాదు, ఇంకెన్నడు రాదు" అన్నాడు.

వాణ్ణి మళ్ళీ లోపలికి పిలిచాను.

ఇంకెన్నడూ రాదా అని అడిగాను. రాదన్నాడు. రాజ్యసభ? రాదన్నాడు. కార్పొరేటర్? అదీ రాదన్నాడు. సుకన్యకు ఫోన్ చేశాను. విషయం విని, "వదినా, సంతకం ఎక్కడ పెట్టాలో అడగండి" అంది. పెట్టేశాను.

ఇదీ సంగతి. గురువారం ప్రకటించే పేరు నాది. జేబులో ఉన్న కాగితం శాంసన్ చేతికివ్వు. అక్కడే చింపమన్నాను, వాడు నా మాట కాదనడు. నా తరఫున ప్రచారం చేద్దామనుకుంటావేమో, బిషప్ గారిని ముందే అడిగాను. సెలవు ముగించి సంఘంలోకి వచ్చిన గురువు ఏ పార్టీ తరఫునా నోరు విప్పకూడదట. ఎంత మంచి నియమమో చూడు. అక్కడ నీకు టికెట్ లేదు, ఇక్కడ నీకు ప్రచారం లేదు, మిగిలింది పుల్పిట్టే. క్రిస్టినాకు క్యాంపస్ పిల్లల ప్రార్థనా సహవాసం అప్పగిస్తున్నారు, ఆ పిల్ల అడిగిందే అది. అయ్యగారు వస్తే సంతోషమంది. ప్రసంగం మాత్రం ఇరవై నిమిషాలే చెప్పమని చెప్పమంది.

నామీద కోపం వస్తే రానీ. తిట్టుకో. కానీ జోయెల్, నాకు నువ్వు కావాలిరా. జబ్బుచేసినవాడి మంచం పక్కన కూర్చుని, వాడి చెయ్యి పట్టుకుని గంటలు గంటలు మౌనంగా ఉండగలవు నువ్వు. ప్రసంగం అంతంతమాత్రమేగానీ అది మాత్రం నీలా ఎవరూ చెయ్యలేరు. మన అమ్మ పోయేరోజు నువ్వలాగే కూర్చున్నావు. అలాంటివాణ్ణి ఎర్ర గుండీలు తొడిగి ఫొటోలో నిలబెడతారా? నాకు ఏడుపొచ్చింది. నవ్వుతూ రాశాను కాబట్టి నీకు తెలియలేదు.

మట్టల ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆరాధన. అంగీ ఉతికి ఇస్త్రీ చేయించాను. వచ్చెయ్యి.

ప్రేమతో,
మీ అక్క రాహేలు
అభ్యర్థి, అ.భా.స.ద. (ఇలా రాయాలట, శాంసన్ పక్కనుంచి చెబుతున్నాడు)

తా.క.: ఇక్కడ ఈ పార్టీకి డిపాజిట్ కూడా రాదని సోమయాజులు గారు లెక్కకట్టి చెప్పారు, ఆ ధైర్యంతోనే సంతకం పెట్టాను. కానీ ఈ సాయంత్రం శాంసన్ బలవంతం మీద మెట్టుగూడ వెళ్ళి రెండు ముక్కలు మాట్లాడాను. అయిదు నిమిషాలనుకున్నది ముప్పావుగంట అయింది. జనం కదల్లేదు. ముసలమ్మలు వచ్చి చేతులు పట్టుకున్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, అదే మాట చెయ్యి కొంచెం పైకెత్తి మళ్ళీ చెప్పి చూసుకున్నాను. ఇంకా బాగా వచ్చింది. నాకు భయంగా ఉందిరా. నువ్వు త్వరగా వచ్చి, నేను ఓడిపోవాలని గట్టిగా ప్రార్థన చెయ్యమని రాద్దామనే ఈ తాజా కలం మొదలుపెట్టాను. చెయ్యి రావడంలేదు.